చీటీ చెప్పిన అబద్ధం

"శుభ్రం చేయమని ఇస్తే చంపేసి ఇచ్చారు!"

ల్యాప్‌టాప్‌ను కౌంటరు మీద పెడుతూ ఆ యువకుడు అరిచిన అరుపుకు, వానకు తలదాచుకోవడానికి రిపేరు షాపులో నిలబడినవాళ్లు కూడా తలలు తిప్పారు. గేములాడే మిత్రులు అతనికి తుఫాను అని పేరు పెట్టారు. ల్యాప్‌టాప్ మూత మీద కూడా అదే పేరుంది.

"పోయిన వారం దాకా సెకనుకు నూట ఇరవై ఫ్రేములొచ్చేవి. ఇప్పుడు పాతిక, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది! శనివారం నాకు గేముల పోటీ ఫైనల్ ఉంది. దీన్ని విప్పిందెవరు?"

"నేనే," అంది లోపలి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, చేతిలోని స్క్రూడ్రైవరు దించకుండా.

షాపు యజమాని ఆమెకు బాబాయి వరస. వరస కౌంటరు దగ్గరే ఆగిపోయింది. "ఆయన చెప్పింది నిజమైతే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా," అన్నాడు, అందరూ వినేలా.

విచారణ కన్నా ముందే శిక్ష చదివారు. లోకంలో ఇది కొత్త కాదు. కొత్త కానంత మాత్రాన న్యాయమూ కాదు.

"తప్పు నాదైతే పోతాను బాబాయ్," అని ఆమె ఆ యువకుడివైపు తిరిగింది. "కాకపోతే మీరు ఇక్కడే నిలబడి, ఇదే గొంతుతో, నా తప్పు లేదని చెప్పాలి. సరేనా?"

"సరే!"

ఆమె ల్యాప్‌టాప్ మీద 'పరీక్షలో ఉంది' అనే పసుపు చీటీ అంటించింది. "పేరు తుఫాను. నడక నత్త," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను నవ్వలేదు.

ఆమె పదకొండు మరలు విప్పి అడుగుమూత తీసింది. రెండేళ్లుగా తనతోనే ఉన్న యంత్రం లోపలిభాగాన్ని అతను చూడటం అదే మొదటిసారి. రాగి గొట్టాలు రెండు నదుల్లా వంపులు తిరిగి, ఫ్యాన్ల దగ్గర కలుస్తున్నాయి. ఎక్కడా ధూళి రేణువు లేదు. ప్రతి తీగా ఎవరో దువ్వినట్లు తన దారిలో పడుకొని ఉంది.

"ఇదంతా... మీరే సర్దారా?"

"చంపేసింది నేనే కదా."

ఆమె వేళ్లు చిన్న నగరంలాంటి ఆ యంత్రంలో దేనినీ నొప్పించకుండా తిరుగుతుంటే, అతను గుడిలో నిలబడినట్లు చేతులు కట్టుకున్నాడు. తనకు తెలియకుండానే గొంతూ తగ్గింది.

మూత బిగించి, అతను ఛార్జర్ తగిలించాక ఆమె గేము ఆడించింది. "వేడి అరవై రెండు డిగ్రీలే. ఫ్యాన్లు బాగున్నాయి. వెనకాల వేరే ప్రోగ్రామేదీ నడవడం లేదు. మరి గ్రాఫిక్స్ చిప్ ఎందుకు నీరసంగా ఉంది? దీనికి తిండి చాలడం లేదు. ఛార్జర్ తీసి ఇలా ఇవ్వండి."

ఛార్జర్ మీద తెల్లని చీటీ ఉంది: 'అబ్బాయిది.'

"ల్యాప్‌టాప్ ఇక్కడున్నప్పుడు, ఇంట్లో ఉన్న ఛార్జర్లకు మా నాన్న అంటించారు. గోదాములో స్టోర్‌కీపర్‌గా చేశారు. మా ఇంట్లో ఉప్పు డబ్బా నుంచి గొడుగు దాకా ఆయన చీటీ లేని వస్తువుండదు. ఆ చీటీల్లో తప్పుండదు."

ఆమె చీటీ చదవలేదు. ఛార్జర్‌ను తిరగేసి, అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదివింది. "అరవై అయిదు వాట్లు. మీ ల్యాప్‌టాప్‌కు రెండు వందల ముప్పై కావాలి. ఇంట్లో ఇదే కంపెనీ చిన్న ల్యాప్‌టాప్ ఎవరికైనా ఉందా?"

"మా చెల్లికి," అన్నాడతను నీళ్లు నములుతూ.

"పిన్ను ఒకటే. చీటీలు తారుమారయ్యాయి. తెర మీద హెచ్చరిక రాలేదా?"

"వచ్చింది. 'మళ్లీ చూపించవద్దు' నొక్కాను."

ఆమె షాపులోని పెద్ద ఛార్జర్ తగిలించింది. పాతిక అరవై అయింది, తొంభై అయింది, నూట ఇరవై దగ్గర నిలిచింది. తెర మీద కారు గాలిలా దూసుకుపోయింది. అతను మాత్రం తెరను కాదు, ఆమెనే చూస్తున్నాడు.

తరువాత షాపు మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. "అందరూ వినండి! ఈవిడ పనిలో ఏ తప్పూ లేదు. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను. క్షమించండి!" అరుపు కంటే ఆ క్షమాపణే పెద్దగా వినిపించింది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "రేపు మామూలుగానే రామ్మా."

"వస్తాను బాబాయ్. ఈసారి ముందు నన్ను అడగండి, తరువాత శిక్ష వేయండి."

సోమవారం అతను మళ్లీ వచ్చాడు, ఉత్త చేతులతో. వెనకాలే నాన్న.

"చీటీ తప్పు నాది తల్లీ," అన్నాడాయన. "అరుపు మాత్రం వీడి సొంతం."

"ఫైనల్ ఏమైంది?" అందామె.

"రెండో స్థానం."

"మరి ఇప్పుడేం పాడైంది?"

"నేనే. ఏ పని పట్టుకున్నా మీ చేతులే కళ్లముందు మెదులుతున్నాయి. మీకిష్టమైతే... ఒకసారి కాఫీకి వస్తారా? ఇష్టం లేకపోతే మళ్లీ అడగను."

బయట వాన కూడా తగ్గి, వింటున్నట్లుంది. ఆమె పసుపు చీటీల కట్ట అందుకొని, ఒకటి చించి, అతని చొక్కా జేబు మీద అంటించింది.

'పరీక్షలో ఉంది.'

నాన్న కళ్లజోడు సర్దుకొని, వంగి, దాన్ని అక్షరమక్షరం చదివాడు.

"ఇది మాత్రం సరైన చోటే పడింది," అన్నాడు.