లాటీ ఈ వారం ఎక్కడుంది?

లాంకషైర్‌లో మా ఊరి లైబ్రరీ మేడ మీద మూడో కంప్యూటరుకి చెడ్డపేరుంది. విక్టోరియా రాణి కాలంలో ఆ మేడ ఆటపాటల హాలు. ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక ఎవరో నిలబడి నిట్టూరుస్తారట... విసుగ్గా, పదే పదే.

నేనక్కడ తాళాలేసే మనిషిని. ఈనిడ్ థాక్రా చెప్పేదాకా నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఈనిడ్‌కి డెబ్భై ఏళ్లు. మొగుడు పోయాక పలకరించే దిక్కు లేదు. ప్రతి మంగళవారం వచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించిన పాత పత్రికల్లో ఆనాటి పాటగత్తెల కోసం వెతికేది. ఊళ్లు తిరిగే ఆ పాటగత్తెలు తామెక్కడున్నదీ వారం వారం పత్రికలో వేయించేవారు. లాటీ గార్‌సైడ్ అనే పిల్లా అంతే — "ఈ వారం విగన్. వచ్చే వారం ఓల్డమ్. అంతా క్షేమం."

ఈనిడ్‌ది పైకి గొణుగుతూ చదివే అలవాటు. ఆమె లాటీ ప్రకటన చదవగానే... వెనక నిట్టూర్పు ఆగిపోయేది.

"ఆ నిట్టూర్చేది లాటీ వాళ్లమ్మయ్యా," అంది నాతో ఓ రోజు, గొంతు తగ్గించి. "ఈ హాల్లోనే నేల తుడిచేది. చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తేనే కూతురి కబురు. ఇక్కడేమో అందరూ నోరు మూసుకుని చదువుతారాయె!"

డిసెంబరు వచ్చింది. నాలుగింటికే చీకటి. దీపాలు ఆర్పుతూ వెళ్తే ఈనిడ్ మళ్లీ మొదటి ప్రకటన దగ్గరే ఉంది.

"ఎన్నిసార్లండీ అదే? ఆ పిల్ల తర్వాత ఏమైందో చూడరా?"

వారమంతా మాట్లాడే మనిషి లేని ప్రాణం. అడగ్గానే నోరు జారింది.

"ఆ వార్త నాకు అక్టోబర్లోనే దొరికిందయ్యా. హల్ అనే ఊళ్లో, అద్దెగదిలో, జ్వరంతో పోయింది. ఇరవై రెండేళ్లు. అది చదివేస్తే ఈవిడ ఇంకెందుకొస్తుంది? నాకెవరున్నారు..."

చటుక్కున చేత్తో నోరు మూసుకుంది.

కుర్చీ వెనక ఎవరో ఊపిరి లోపలికి లాగారు. నా చెవులతో నేను విన్నాను. లాగిన ఆ ఊపిరి — వదల్లేదు.

ఈనిడ్ వెనక్కి తిరిగింది. "ఉండమ్మా," అంది ఖాళీ చోటుతో. "వెళ్లకు... నేను అబద్ధం చెప్పాను."

చాలాసేపు విన్నాం. మేడ మీద మా ఇద్దరి ఊపిరే ఉంది.