తూములో పీచు

పొద్దున్నే చేమాకులు కోసుకొచ్చి చేపలకి వెయ్యడం ఎంటిన్‌కి అలవాటు. ఆ రోజు కూడా ఆకులు చీల్చుకుంటూ పెరట్లోకి వచ్చింది. గుంట ఒడ్డున ఆగి నీళ్ళ వంక చూసింది. చేతిలో ఆకులు చేతిలోనే ఉండిపోయాయి.

"ఎలిస్! ఇలా రా! వచ్చి చూడు ఈ ఘోరం!"

కోడలు ఎలిస్ పొయ్యి మీద మూకుడు దించి పరుగెత్తుకొచ్చింది. గుంటలో నీళ్ళు నిన్నటికంటే జానెడు దిగిపోయాయి. పై కొండ ఊట నుంచి వచ్చే వెదురు గొట్టం ధార మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. గురామీ చేపల వీపులు నీళ్ళ పైకి కనిపిస్తున్నాయి. పెద్దవి, ఒక్కొక్కటీ చాటంత ఉంటాయి.

ఆ ముప్ఫై చేపలూ ఎంటిన్ భర్త అదాంగ్ వదిలినవి. బొటనవేలంత పిల్లల్ని తెచ్చి, ఆరేళ్ళు ఆకులు వేసి పెంచాడు. మంచాన పడ్డాక ఒకే మాట చెప్పాడు. "నేను పోయిన వెయ్యో రోజున చేసే ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ఈ చేపలే వండి పెట్టు ఎంటిన్. కొన్న చేపలొద్దు." ఆ వెయ్యో రోజు ఇంకా ఆరు రోజుల్లో ఉంది. నీళ్ళు ఇలాగే దిగితే రెండు రోజుల్లో బురదే మిగులుతుంది. చేపలు ఎండకి ఉడికిపోతాయి.

"ఇదంతా వాళ్ళ పనే," అంది ఎంటిన్ కింద గట్టు వైపు చెయ్యి చూపిస్తూ. "చూడవే, వాళ్ళ గుంట ఎలా నిండిపోయి పొలంలోకి పొర్లుతోందో! మన నీళ్ళు తాగి పొర్లుతోంది."

గట్టుకి అవతల, రెండడుగుల దిగువన ఉన్న గుంట ఆమె చెల్లెలు రుమ్సీది. రెండూ వాళ్ళ నాన్న తవ్వించినవే. పైది పెద్దకూతురికి, కిందది చిన్నకూతురికి. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని మూడేళ్ళయింది.

"ఊరికే అనకండి అత్తయ్యా, ముందు కారణం చూద్దాం."

"కారణమా? దొంగలకి కారణం ఏంటే?"

ఎలిస్ మూడు రోజులుగా చూస్తూనే ఉంది. మొదట ఎండకి ఆవిరవుతున్నాయేమో అనుకుంది. ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి గుంట మెట్టు మీద పెట్టి, బొగ్గుతో గీత గీసింది. గుంటలోనూ వెదురుకర్ర పాతి గీత పెట్టింది. బకెట్‌లో గోరంత తగ్గితే గుంటలో జానెడు తగ్గింది. ఎండ కాదని తేలింది. తర్వాత పీత బొరియలేమోనని గట్టంతా కాళ్ళతో తొక్కి చూసింది. రెండు దొరికాయి. బంకమట్టి కూరింది. అయినా నీళ్ళు ఆగలేదు.

"అత్తయ్యా, వంటింట్లో పసుపు డబ్బా ఉందిగా?"

"పసుపా? చేపలు ఇంకా బతికే ఉన్నాయే, ఇప్పుడే కూర వండుతావా?"

"కూరకి కాదు. చూడండి."

ఎలిస్ చెంబుడు నీళ్ళల్లో పసుపు చిక్కగా కలిపింది. గట్టు పొడుగునా తేలుతున్న ఎండుటాకులు ఎటు పోతున్నాయో కాసేపు చూసింది. అవన్నీ జామచెట్టు మూల చేరి, అక్కడే నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఆ మూల, గట్టుకి ఆనించి పసుపునీళ్ళు వంచింది. పసుపు చుట్టూ చెదరలేదు. తాడులా సాగి కిందకి దిగిపోయింది.

ఇద్దరూ ఆ మూలే చూస్తూ నిలబడ్డారు. పది నిమిషాలయింది.

గట్టు అవతల నుంచి ఒక్క కేక వినిపించింది.

"అయ్యో అయ్యో! ఎవరమ్మా నా నీళ్ళల్లో పసుపు కలిపింది? కడిగిన ఆకుకూరంతా పసుప్పచ్చగా అయిపోయింది!"

మూడేళ్ళ తర్వాత చెల్లెలి గొంతు ఎంటిన్ చెవిన పడడం అదే. ఇంక ఆమెని ఆపడం ఎలిస్ వల్ల కాలేదు. చీరకట్టులా చుట్టుకున్న సారోంగ్ మోకాళ్ళ దాకా ఎగదోపి, గట్టు దిగి, బురదలోంచి అవతలికి నడిచింది.

"దొరికారు! పట్టపగలు దొరికారు! ఎలిస్, నువ్వే సాక్ష్యం. నా గుంటలో పోసిన పసుపు దీని గుంటలో తేలింది. గట్టుకి కన్నం వేశారు! వీధిపెద్దని పిలు!"

రుమ్సీ కూరల బుట్ట అలాగే పట్టుకుని లేచింది. "ఏంటీ? మేం కన్నం వేశామా? మాకేం ఖర్మ?"

"ఖర్మ కాదు, కళ్ళమంట. చచ్చిపోయినవాడి చేపల మీద కూడా కళ్ళమంటేనా? ఆయన పేరున ఊరికి అన్నం పెట్టబోతుంటే నీళ్ళు లాగేస్తావా? నువ్వు మనిషివేనా!"

"నోరు అదుపులో పెట్టుకో అక్కా!"

"ఎందుకు పెట్టుకోవాలి? ఆయన అక్కడ మంచం మీద మూలుగుతుంటే, మీరిక్కడ గుంటలో నీళ్ళన్నీ వంచేసి బురదలో గంతులేసి నవ్వుకున్నారు. ఆ రోజే అనుకున్నాను, నాకు చెల్లెలు లేదని!"

రుమ్సీ మొహం ఎర్రబడింది. బుట్ట విసిరి కింద పెట్టింది.

"అను. ఇంకా అను. మూడేళ్ళు ఇదే కడుపులో పెట్టుకున్నావన్నమాట! నీ భర్తని మట్టిలో పెట్టే రోజు వంటింట్లో చేరి గిన్నెలు తోమాను. ఒక్కసారి నా వంక చూశావా? పరాయి ఆడవాళ్ళ భుజం మీద పడి ఏడ్చావు గానీ నా భుజం మీద ఏడవలేదు. నేనేం తప్పు చేశాను?"

అంతలో రుమ్సీ మొగుడు ఓమన్ పార భుజాన వేసుకుని పొలం నుంచి వచ్చాడు. కేకలు సగం దారిలోనే విన్నాడు కాబోలు, ఏమీ అడగలేదు. బట్టలు ఉతికే రాయి దగ్గర పసుపు తేలుతున్న నీళ్ళు చూశాడు. పార పక్కన పెట్టి, గుంటలోకి దిగి, గట్టు అడుగున చెయ్యి పెట్టి తడిమాడు.

"వదినా, కన్నం మేం వెయ్యలేదు. ఇది మీ నాన్నగారి తూము."

ఎంటిన్ గట్టు అడుగుకి వంగి చూసింది.

తూమంటే తొలిచిన దుంగ. గట్టు అడుగున పై గుంటలోంచి కింద గుంటలోకి పడుకోబెట్టి ఉంటుంది. దాని మూతికి ఈజుక్ అనే నల్ల పీచు కుక్కి, పైన బంకమట్టి మెత్తుతారు. ఆ మూతి కింద గుంటలో నీళ్ళ అడుగున ఉంటుంది. అందుకే ఏటా ఉపవాసాల నెలకి ముందు రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి, ముందు కింది గుంట, తర్వాత పైగుంట వంచేవారు. పాత పీచు తీసి కొత్తది పెట్టి, చేపలు పంచుకుని, బురదలోనే కూచుని అన్నాలు తినేవారు. ఒక్కరే చేసుకునే పని కాదది.

ఓమన్ చెయ్యి పైకి తీశాడు. గుప్పిట్లో నల్లటి ముద్ద ఉంది. వేళ్ళ మధ్య పొడిలా జారిపోయింది.

"మూడేళ్ళ నుంచి మార్చలేదుగా. కుళ్ళిపోయింది."

"మార్చాల్సింది మీవైపు నుంచేగా! ఎందుకు మార్చలేదు?" ఎంటిన్ గొంతు ఇంకా తగ్గలేదు.

ఓమన్ ఆ చెయ్యి నీళ్ళల్లో ఆడించి కడుక్కున్నాడు. రుమ్సీయే అంది, ఈసారి అరవకుండా. "మార్చడానికే వచ్చాడక్కా. కొత్త పీచుకట్ట భుజాన పెట్టుకుని నీ గుమ్మంలో నిలబడ్డాడు. పైగుంట వంచనా అని అడుగుదామని. నువ్వు మొహం మీద తలుపేశావు."

ఎంటిన్‌కి గుర్తుంది. తలుపు సందులోంచి కనిపించిన ఆ నల్లటి కట్ట కూడా గుర్తుంది. అప్పుడు ఆమెకి కనిపించింది బురద కాళ్ళే.

"ఇంట్లో మనిషి పోతుంటే గుంటలు వంచుతామంటే..." అనబోయింది ఎంటిన్.

"ఆ పని చెప్పింది అదాంగ్ అన్నయ్యే, వదినా," అన్నాడు ఓమన్. "ముందు రోజు కిటికీలోంచి పిలిచాడు. ఈ ఏడు పీచు మార్చకపోతే నా చేపలు ఉండవురా, ఆవిడ వద్దంటుంది, నువ్వు మాత్రం మానకు అన్నాడు. మర్నాడు కింది గుంట వంచాం. నేను బురదలో జారి నడుం దాకా దిగబడ్డాను. అన్నయ్య కిటికీ పట్టుకుని చూస్తున్నాడు. నువ్వు విన్న నవ్వుల్లో ఒకటి ఆయనదే. ఆ తర్వాతే నీ గుమ్మంలోకి వచ్చాను."

 పైన వెదురు గొట్టం ధార పడుతూనే ఉంది.

ఎంటిన్ అక్కడే, ఆ రాయి మీద కూలబడింది. "నవ్వాడా?" అంది. "నిజంగా నవ్వాడా ఓమన్?"

"దగ్గొచ్చేదాకా నవ్వాడు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"తలుపు తియ్యలేదుగా వదినా."

ఎంటిన్ తలగుడ్డ చెంగుతో మొహం కప్పుకుంది. కోపం పోలేదు, దాని దారి మారింది. "నేనే," అంది వెక్కుతూ. "మూడేళ్ళుగా మిమ్మల్ని తిట్టుకుంటూ ఆయన చేపల నీళ్ళు నేనే పారబోసుకున్నాను. ఎంత మొండిదాన్నే నేను!"

"మొండిదానివని నాకు చిన్నప్పుడే తెలుసు," అంది రుమ్సీ ముక్కు చీదుకుంటూ. "ఇప్పుడైనా లే. చేపలు చూడు."

ఎలిస్ అప్పటికే బుట్టలు తెచ్చింది. తూము మార్చాలంటే రెండు గుంటలూ వంచాలి. అంతవరకు చేపల్ని ఓమన్ ఇంటి ముందు సిమెంటు తొట్టిలో ఉంచాలి. మొదటి బుట్ట ఎత్తి ఎంటిన్ కాసేపు పట్టుకుని నిలబడింది. పొద్దున తను దొంగ అన్న మనిషే ఎదురుగా చేతులు చాచి ఉన్నాడు.

"జాగ్రత్త ఓమన్. ఆయనవి."

"తెలుసు వదినా."

కింది గుంట సగం దిగేసరికి రుమ్సీ కాలు జారి చతికిలబడింది. ఒళ్ళంతా బురద, నెత్తిన పసుపు అంటిన ఆకుకూర కాడ. ఎలిస్ నోరు నొక్కుకుంది. ఎంటిన్ నొక్కుకోలేదు. ఆమె నోట్లోంచి నవ్వు ఎగదన్నుకుని వచ్చింది. వచ్చినదాన్ని ఆపుకోలేక కళ్ళనీళ్ళు కారిపోయాయి.

తుడుచుకుని పైకి చూసింది. ఇంటి వెనక, అదాంగ్ పడుకున్న గది కిటికీ ఆయన పోయిన రోజు మూసినది మూసినట్టే ఉంది.

"ఎలిస్," అంది. "వెళ్ళి ఆ కిటికీ తెరిచిరా అమ్మా. ఆయనకీ వినపడాలిగా."