దండ వేయని ఫోటో

మంచి చేయబోయి వాసవి చేజేతులా తెచ్చిపెట్టుకున్న భయం ఇది. చిత్తూరు పిల్ల. కెనడాలోని మిస్సిసాగాలో చదువుకుంటూ తవమణి ఆంటీ ఇంట్లో మేడ మీది గది అద్దెకు తీసుకుంది. ఆంటీది శ్రీలంకలో తమిళులుండే జాఫ్నా. వాసవికి తమిళం వచ్చు కాబట్టి ఇద్దరికీ మాటలు బాగానే కలిశాయి.

హాల్లో ఆంటీ కొడుకు కుగన్ ఫోటో ఉండేది. శ్రీలంక యుద్ధంలో పోయాడు కాబోలని వాసవి తనకు తానే అనుకుంది. ఫోటోకి బొట్టు లేదు, దండ లేదు. మోకాళ్ల నొప్పులతో ఆవిడకి ఓపిక ఎక్కడిదని జాలిపడింది. వాసవికి జాలి పుడితే చేతులు ఊరుకోవు. ఆంటీ బజారుకి వెళ్లగానే ఫోటో తుడిచి, బొట్టు పెట్టి, చామంతి దండ వేసి, దీపం వెలిగించింది.

బయట మంచు కురుస్తోంది. సాయంత్రానికే చీకటి పడింది. ఉన్నట్టుండి హీటర్ ఆగిపోయింది. ఎక్కడినుంచో నాచు వాసన... ఉప్పునీటి వాసన.

గరాజ్ తలుపులోంచి వచ్చిన ఆంటీ, ఫోటో చూసి సంచీ జారవిడిచింది.

"ఎవరు వేశారిది?"

"నేనే ఆంటీ. చనిపోయినవాళ్లకి వేస్తాం కదా..."

"చనిపోయాడని నీకెవరు చెప్పారు?" ఆవిడ ఫోటో ముందుకి వచ్చింది. "ఆఫీసుల్లో మా తమిళం చెల్లదంది సింహళ ప్రభుత్వం. ఇళ్లు తగలబెట్టారు. మా పిల్లలు తుపాకులు పట్టారు. వీడు పట్టనంటే మావాళ్లే బలవంతంగా దళంలోకి లాక్కుపోయారు. యుద్ధం ఆఖర్న, సముద్రం ఒడ్డున వాడు మళ్లీ నా దగ్గరికి చేరాక, విచారించి పంపేస్తామంటే నా చేత్తోనే సైన్యానికి అప్పగించాను. పోయాడని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. దండ వేస్తే నేను ఒప్పుకున్నట్టే పిల్లా."

వాసవికి సిగ్గేసింది. దండ తీయబోయింది. పూలు తడిసి, వేళ్లకు ఇసుక గరగరమంది.

వీధి తలుపు దగ్గర చప్పుడైంది.

ఇద్దరూ వెళ్లి చూశారు. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల, బూట్లు విడిచే చోట... చెప్పులు. రబ్బరు చెప్పులు. పెద్దవాళ్లవి, పసిపిల్లలవి, తెగితే పిన్నీసు పెట్టినవి. అన్నిటికీ తడి ఇసుక.

"ఎవరు ఆంటీ వీళ్లు?"

"ఆ ఒడ్డున పోయి, దండ వేసే దిక్కు లేనివాళ్లు."

ఆంటీ నేల మీద కూలబడి ఒక్కో జతా తిప్పి చూడసాగింది. వాటిలో కొడుకువి కనిపిస్తే ఇన్నేళ్ల ఆశ అక్కడితో సరి.

"లేవు... వాడివి లేవు," అని ఆంటీ నవ్వింది.

అంతలోనే ఆ నవ్వు చచ్చిపోయింది.

"అప్పగించిన రోజు వాడి కాళ్లకి చెప్పులే లేవు, వాసవీ."

వెనక చెక్కమెట్ల మీద తడి పాదాల చప్పుడు... మెల్లగా పైకి వెళ్తోంది. పైన ఉన్నది వాసవి గది ఒక్కటే.