ఏడో నంబరు చెయ్యి

"మీ చెయ్యి అబద్ధం చెబుతోంది," అంది ఆమె.

అతను తన చేతిని చూసుకున్నాడు. పాపం, అది బల్ల మీద బుద్ధిగానే ఉంది.

ఆమె వాచీల కంపెనీలో ఇంజనీరు. గుండె వేగం కొలిచే విభాగం ఆమెది. అతను జీతానికి పరిగెత్తే మనిషి. కొత్త వాచీ ఏది తయారైనా ముందు అతని మణికట్టుకే కట్టి పరిగెత్తిస్తారు. అక్కడ అందరికీ అతను ఏడో నంబరు.

పరుగుకు ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలని రూలు. అప్పుడు వాచీ చూపించే గుండె వేగం సరిగ్గా ఉంటేనే మిగతా అంకెలకు విలువ. రోజూ పరిగెత్తేవాడికి అది అరవై దగ్గర ఉండాలి. ఏడో నంబరుకు మూడు వారాలుగా నూట ఎనిమిది.

"మెట్లెక్కి వచ్చాను కదండీ."

"లిఫ్టులో వచ్చారు. నేనూ అందులోనే ఉన్నాను."

ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఆమె వచ్చేదాకా మూడు లిఫ్టులు వదిలేశాడు.

"నవ్వకండి. పన్నెండింటికి పెద్దసారుకి రిపోర్టు ఇవ్వాలి. తప్పెక్కడో తేలకపోతే మిమ్మల్ని తీసేసి ఇంకొకర్ని పెడతారు."

నవ్వు ఎగిరిపోయింది. గోడ గడియారంలో పదకొండు. ఈ పని పోతే ఇంకో పని దొరుకుతుంది. ఈ గది దొరకదు. నిజం చెబుదామంటే నోరు పెగలదు. ఎంత దూరమైనా పరిగెత్తే కాళ్ళు మాట దగ్గరికొచ్చేసరికి దేనికీ పనికిరావు.

ఆమె వాచీ విప్పి వెనక్కి తిప్పింది. పచ్చ లైట్లు మిణుకుమన్నాయి.

"ఈ వెలుగు చర్మంలోకి వెళ్తుంది. రక్తం పచ్చ వెలుగును మింగేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడికి రక్తం పోటెత్తి, వెనక్కొచ్చే వెలుగు తగ్గుతుంది. అలా ఎన్నిసార్లు తగ్గిందో లెక్కపెడుతుంది, అంతే. మీ గుండె లోపల ఏముందో దీనికి తెలీదు."

"అమ్మయ్య!"

"ఏంటీ?"

"ఏం లేదండీ."

వాచీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైన పెట్టి, బయటి వెలుతురు దూరకుండా పట్టీ బిగించింది. చెయ్యి చల్లగా ఉన్నా లెక్క తప్పుతుందని తన రెండు చేతులతో అతని చేతిని రుద్దింది.

నూట పదహారు.

"ఇంకా పెరిగింది!" అందామె కంగారుగా.

"రుద్దడం ఆపితే తగ్గుతుందేమో." మళ్ళీ తనే, "ఆపమని కాదండీ," అన్నాడు.

"ఊరుకోండి. నిన్న పరుగులో నూట డెబ్బై చూపించింది, గుర్తుందా? అది మీ గుండె కాదు, మీ అడుగులు. చెయ్యి ఊగుతుంటే ఒక్కోసారి వాచీ ఆ ఊపునే గుండె అనుకుంటుంది."

"మరి ఏది గుండె అని ఎలా తెలుస్తుంది?"

"నిలబడాలి. అడుగులు ఆగుతాయి. గుండె ఆగదు కదా."

చివరికి ఛాతీకి కట్టే బెల్టు ఇచ్చింది. అది వెలుగును నమ్ముకోదు, గుండెలో పుట్టే కరెంటునే పట్టుకుంటుంది. అతను తెర వెనక్కి వెళ్ళి కట్టుకొచ్చాడు. ఆమె ఎదుట కూర్చున్నాడు.

బెల్టులో నూట పన్నెండు. వాచీలో నూట పన్నెండు.

ఆమె ముఖం పాలిపోయింది. "వాచీది తప్పు కాదు. మీ గుండెదే. అయ్యో, మీకేదో జబ్బుంది! పదండి!"

చెయ్యి పట్టుకుని వరండా అంతా లాక్కెళ్ళింది. అతను అడ్డు చెప్పలేదు. అంత తెలివితక్కువవాడు కాడు.

కంపెనీ డాక్టరు ఆమెకు సొంత మేనమామ. వాచీలంటే ఆయనకు గిట్టదు. ఆమెను బయట ఉండమని, అతని మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"అరవై రెండు. గుండ్రాయిలా ఉన్నావు కదయ్యా!"

తలుపు తెరుచుకుంది. "ఎంతుంది మామయ్యా?"

డాక్టరు కళ్ళు తెరిచాడు. వేళ్ళ కింద నాడి గంతులేస్తోంది. తలుపు వైపు చూశాడు. కుర్రాడి వైపు చూశాడు.

"తలుపేసి బయట ఉండవే."

నాడి మెల్లగా దిగింది. అరవై అయిదు.

"లోపలికి రా."

నూట పది.

"బయటికెళ్ళు."

"మామయ్యా, నేనేమైనా బొంగరాన్నా?"

"బొంగరం నువ్వు కాదు, వీడు. జబ్బు తెలిసింది. నువ్వు ఎదురుగా ఉంటే వస్తుంది, లేకపోతే పోతుంది. మూడు వారాలు దగ్గర కూర్చుని కొలిచావు, ఈపాటి తెలుసుకోలేకపోయావా? ఏ కాలేజీలో చదివావే?"

ఆమె గిరుక్కున తిరిగి వరండాలోకి వెళ్ళిపోయింది. అతను వెనకే పరిగెత్తాడు.

ఆమె అటూ ఇటూ నడుస్తోంది. "మామయ్య చెప్పింది నిజమేనా?"

"వాచీ మూడు వారాలుగా చెబుతూనే ఉందండీ. మీరే నమ్మలేదు."

"మీరు చెప్పాలి కదా!"

"చెబితే రానివ్వరేమోనని భయం." ఆమె పక్కనే నడిచాడు. "ఇప్పుడు చెబుతున్నాను. మీరంటే నాకు ఇష్టం. ఆ పది నిమిషాల కోసమే రోజూ వస్తున్నాను. పరుగు ఎక్కడైనా పరిగెత్తొచ్చు."

ఆమె నడక ఆపలేదు. అతని చూపు ఆమె మణికట్టు మీద పడింది. ఆమెకూ వాచీ ఉంది.

"నూట పద్దెనిమిది," అన్నాడు.

"నడుస్తున్నాను కదా! అడుగుల్ని లెక్కపెడుతోంది."

"అయితే నిలబడండి."

ఆమె నిలబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ అంకెనే చూశారు. నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది. నూట ఇరవై రెండు.

"అడుగులు ఆగాయండీ," అన్నాడు మెల్లగా.

ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. చెవులు దాచుకోలేకపోయింది. అవి ఎర్రగా కందిపోయాయి.

గది గుమ్మంలోంచి డాక్టరు కేకేశాడు. "మా అక్కతో నేను మాట్లాడతాలే! ముందు ఆ రిపోర్టు ఇచ్చి చావు, పది నిమిషాలే ఉంది!"

ఆమె పరుగందుకుంది. అతను పక్కనే.

"ఏం రాస్తారు?"

"నిజమే రాస్తాను. వాచీ సరిగ్గానే ఉంది, ఏడో నంబరూ ఉండొచ్చు. కొలిచే మనిషిని మార్చాలి, అని."

అతని కాళ్ళు ఆగిపోయాయి. "అంటే రేపటినుంచి నా చెయ్యి మీరు పట్టుకోరా?"

ఆమె పెద్దసారు తలుపు దగ్గర వెనక్కి తిరిగింది.

"ఆ గదిలో పట్టుకోను."