జీడి షెడ్డులో ఊయల

మా ఊరి చివర, బారువ వెళ్లే దారిలో, మూతపడిన జీడి షెడ్డు ఒకటుంది. అందులో ఇరవై ఏళ్లు మిషన్ మీద గింజ కొట్టి పప్పు తీసిన పోలమ్మ ఆ మిషన్ ముందే ప్రాణం విడిచింది. అప్పటినుంచీ చీకటి పడితే లోపల టక్... టక్... మంటుందని చెబుతారు. చెప్పేవాళ్లు చాలామంది. విన్నదెవరంటే పక్కవాణ్ణి చూపిస్తారు.

మా మనవడు సుమన్ మాత్రం విన్నాడు. సన్యాసయ్య టీ కొట్టు దగ్గర వాడు చెప్పినట్టే రాస్తున్నాను. ఈమధ్య నాకు పేర్లు జారిపోతున్నాయి, ఇదీ జారిపోకముందే...

వాడి కూతురికి మూడో నెల. నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదు. ఏడ్చి ఏడ్చి పాలు కూడా మానేసింది. తండ్రిగారు ఫోనులో చప్పుళ్లు ఏరారు. వాన. రైలు. జుట్టు ఆరబెట్టే మిషన్. ఆఖరికి సముద్రం! కిటికీ తీస్తే అసలు సముద్రమే వినిపించే ఇంట్లో, కిటికీలు బిగించి మరీ!

"మన సముద్రానికేటొచ్చినాది మావా?" అంది వాడి పెళ్లాం లావణ్య.

"అది ఓపాలి గట్టిగా, ఓపాలి మెల్లగా ఉంటాదే. ఇది పిల్లల కోసమే సేసినారు," అన్నాడు మా పెద్ద చదువరి.

పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఐదో రాత్రి వాడికి మెలకువ వచ్చింది. ఫోనులో సముద్రం మోగుతూనే ఉంది. పక్కన పెళ్లాం లేదు... పిల్లా లేదు.

ఇల్లంతా వెతికి రోడ్డెక్కాడు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి —

టక్... టక్... టక్...

"పోలమ్మత్తా... నా పిల్లనిచ్చేయే..." అంటూ తలుపు తోశాడు.

లోపల చిన్న దీపం. లావణ్య మిషన్ ముందు కూర్చుని, గింజ లేకుండానే ఉత్త మిషన్ కొడుతోంది. దూలానికి చీర ఊయల.

"సప్పుడు సెయ్యకు మావా. తొంగుంది. నా కడుపులో ఉన్నన్నాళ్లూ, నాను పలాసలో గింజ కొడతంటే ఇదే కదా విన్నాది."

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో చూశాడు — లావణ్య చేతులు మిషన్ మీద. ఒక కాలు మిషన్ మీద, రెండోది మడుచుకుని ఉంది. ఊయల మాత్రం ఊగుతోంది. దాని తాడు చీకటి మూలలోకి పోయింది... ఆ కొసన తెల్లటి జుట్టు...

అక్కడితో ఆపేస్తాడు. టీ కొట్టులో జనం గ్లాసులు పట్టుకుని బిగుసుకుపోతారు. మిగతాది వాడు చెప్పడు, నేను చెబుతాను.

"అరవకురా ఎర్రిమొకమా, పిల్ల లెగిసిపోతాది," అన్నాను ఆ మూలలోంచి.

ఇల్లంతా వెతికాడట! ఈ ముసలిదాని మంచం వైపు చూశాడా? పోలమ్మా నేనూ ఈ షెడ్డులోనే మా పిల్లలందర్నీ ఇలాగే పెంచాం — చేతులు గింజకి, ఒక కాలు మిషన్‌కి, రెండో కాలి బొటనవేలు ఊయల తాడుకి.

ఆ రాత్రి మునిమనవరాలి పేరు ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. వేలు మాత్రం తెల్లారేదాకా ఆగలేదు.