తండ్రి పేరు లేని కోటగోడ

దారిన పోయే పిల్లని నలుగురు మొగాళ్లు కారులోకి ఈడ్చుకుపోయి, తలకి తెల్లగుడ్డ కట్టి, ఇక నువ్వు మా ఇంటి కోడలివి అంటే దానికి ఆచారమని పేరు పెట్టిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నది. ఆ గుడ్డ పీకి పారేసి పారిపోయిన పిల్ల కోసం ఊరూరా కార్లు తిప్పింది మీరు. ఫిర్యాదు తెస్తే "ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోండి" అని టీ చప్పరించిన ఠాణావాళ్లూ మీరే. ఆ పిల్ల దాక్కున్న చోటు మీకు చూపించినవాడు మీ పక్కనే కూర్చుని మాంసం తిన్నాడు. వాడు ఎలా దొరికిపోయాడో వినండి.

బిష్కెక్‌లో ఓష్ బజార్ వెనక, ఎండుపళ్ల కొట్టు పైన ఒక గది ఉంది. అది ప్రైవేటు డిటెక్టివ్ కాన్‌షాయిమ్ ఆఫీసు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఊరంతా ఆమెను ఎజె అంటుంది, అక్క అని. ఆమె దగ్గర పనిచేసే తిలెక్ ఒకప్పుడు టీవీలో వార్తలు చదివేవాడు. ఛానెల్ మూతపడ్డాక ఇక్కడ చేరాడు. ఇప్పుడతని పని ఎజె పాత హోండా తోలడం, టీ కాయడం, ఆమె బుర్ర తనకంటే నాలుగు మలుపులు ముందుంటుందని రోజూ ఒకసారి నోరు తెరవడం.

ఆ ఉదయం తలుపు తట్టకుండా లోపలికి దూసుకొచ్చిన ఆవిడ పేరు బురులాయ్. బడిలో భూగోళం చెప్పే టీచరు.

"మా వదినని జైల్లో పెట్టించాలి, ఎజె!"

"ముందు కూర్చో. టీ తాగు. జైలు ఎక్కడికీ పోదు," అంది కాన్‌షాయిమ్.

బురులాయ్ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రెండేళ్లుగా ఆమె పేరు లేకుండా ఒక పేజీ నడుపుతోంది. ఎత్తుకుపోతే తప్పించుకున్న ఆడపిల్లలు అందులో రాస్తారు, ఆమె వాళ్లని దాస్తుంది. ఇప్పుడు దాచిన పిల్ల ఐపెరి, పంతొమ్మిదేళ్లది, నర్సు చదువు చదువుతోంది. గొర్రెల వ్యాపారి కొడుకు జొల్దోష్ ఎత్తుకుపోతే మూడో రోజు తప్పించుకుంది. మొదట కొక్-జార్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో పెట్టారు, బురులాయ్ రోజూ కూరలు పట్టుకెళ్లేది. జొల్దోష్ మనుషులు అక్కడికి వచ్చారు. ఐపెరి ఆ సమయానికి స్నానశాలకి వెళ్లింది కాబట్టి దొరకలేదు. తర్వాత అక్-ఒర్గోలో బురులాయ్ అన్నగారి ఇంటికి మార్చారు. నిన్న అక్కడికీ వచ్చారు. పిల్ల పెరటి గోడ దూకి పక్కింట్లో పడింది. మడమ విరిగింది.

"మా వదిన గులుమ్‌కాన్‌కి మొదటినుంచీ ఇష్టం లేదు. 'గుడ్డ కట్టించుకున్న పిల్ల గడప దాటి రాకూడదు' అంటుంది. అదే చెప్పేసింది! రాత్రే ఇంట్లోంచి వెళ్లగొట్టాను."

"నీ అన్నగారింట్లోంచి, అన్నగారి పెళ్లాన్నా?" అన్నాడు తిలెక్.

"మా అన్న రష్యాలో ఉన్నాడు. ఉంటే వాడినీ వెళ్లగొట్టేదాన్ని."

కాన్‌షాయిమ్ నవ్వలేదు. "పిల్ల దగ్గర ఫోనుందా?"

"లేదు. ఎత్తుకుపోయినవాళ్లే పగలగొట్టారు."

"పిల్లని దాచిన చోట్లకి కాక, ఇంకెక్కడికైనా వచ్చారా వాళ్లు?"

"వచ్చారు. అదే అర్థం కాలేదు. ఈ రెంటికీ మధ్య నాకు తల తిరిగిపోయి, బడిలో జ్వరమని చెప్పి, ఇంట్లో కూడా చెప్పకుండా ఇస్సిక్-కుల్ సరస్సు దగ్గరికి పోయాను. ఒక్కదాన్నే. ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. రెండో పూట ఆ ఇంటి తలుపు తన్నారు, 'పిల్ల ఏది' అని."

"పిల్ల అక్కడికి రానేలేదు కదా."

"రాలేదు."

"ఈ పేజీ నీదని ఎవరెవరికి తెలుసు?"

"మా వదినకి. పిల్లల్ని తన కారులో చేరవేసే పెద్దాయన కుబాత్ బైకెకి. మా క్లాసువాడు ఎర్మెక్‌కి. ఎర్మెక్ మాట వదిలెయ్యండి, అతనికి ఏ ఇల్లూ తెలియదు. పైగా నన్ను కాపాడుతున్నది అతనే."

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. తెర మీద రాతిగోడ బొమ్మ ఉంది. కొర్గోన్, అంటే కోటగోడ. మన ఫోను మాటలన్నిటినీ ముందు తన సొరంగంలోకి మళ్లించుకుని, మనం ఎవరమో ఎక్కడున్నామో బయటివాడికి తెలియకుండా దాస్తానని చెప్పే వీపీఎన్.

"దీన్ని ఎలా ఎంచుకున్నావ్?"

"క్లాసు గ్రూపులో అడిగాను."

తిలెక్ తల ఊపాడు. ఈ దేశంలో డాక్టరైనా, కోడలైనా, పండక్కి కోసే గొర్రె అయినా క్లాసు గ్రూపులోంచే వస్తుంది.

"ఎర్మెక్ 'నాదే ఉంది, పెట్టుకో' అన్నాడు," అంది బురులాయ్. "మా అట్-బాషీ ఊరివాడే. పదేళ్లు ఒకే బెంచీ. ఒక్క తీయిన్ కూడా తీసుకోలేదు. మన మనిషి, ఎజె! నేను సరస్సు దగ్గర ఏడుస్తూ కూర్చుంటే 'నీళ్లు చల్లగా ఉన్నాయా, పిల్లా' అని పలకరించింది కూడా వాడొక్కడే. అందుకే పేజీలో అందరికీ ఇదే పెట్టుకోమని రాశాను."

"పెట్టుకునేటప్పుడు 'నీ ఫోను ఎక్కడుందో చూడనివ్వు' అని అడిగిందా ఇది?"

"అడిగింది. అన్నీ అడుగుతాయిగా. నొక్కేశాను."

కాన్‌షాయిమ్ ఫోను తిప్పి చూసి, తిరిగి ఇవ్వకుండా తన సంచిలో వేసుకుంది. "దీన్ని ఆపను. నువ్వు ముట్టుకోకు. తిలెక్, కారు తియ్యి."

గులుమ్‌కాన్ తన అక్క ఇంట్లో పిండి పిసుకుతోంది. వీళ్లని చూసి చేతులు కూడా కడుక్కోలేదు.

"నన్ను పట్టుకోడానికొచ్చారా? పట్టుకోండి. ఆ పిల్ల గోడ దూకితే పక్కింటికి పరిగెత్తి ఎత్తుకొచ్చింది ఎవరనుకున్నారు? నేను. దాన్ని తిట్టానా, తిట్టాను. మా అత్త నన్ను ఇంతకంటే ఎక్కువ తిట్టింది. తిట్టడం వేరు, అమ్మడం వేరు!"

"కొక్-జార్ ఇల్లు నీకు తెలుసా?"

"ఆ మహాతల్లి నాకు చెబుతుందా? ఉప్పు ఎక్కడుందో కూడా చెప్పదు."

వెళ్తూ వెళ్తూ కాన్‌షాయిమ్ మాట జారినట్టు అంది, "పిల్లని తొక్మోక్‌లో మా చుట్టాలింటికి పంపుతున్నాం."

కుబాత్ బైకె కారు బజార్ గేటు దగ్గర దొరికింది. అరవై ఏళ్ల మనిషి, బైకె అంటే అన్న. "ఇద్దరు కూతుళ్లు నాకు," అన్నాడు. "పెద్దదాన్ని ఇలాగే ఎత్తుకుపోయారు. అప్పుడు నేను వెళ్లి తెచ్చుకోలేదు. ఇంకేమైనా అడుగుతారా?" కాన్‌షాయిమ్ ఇంకేమీ అడగలేదు. పిల్ల కాంత్‌లో ఉంటుందని మాత్రం చెప్పింది.

ఎర్మెక్ ఆఫీసు కొత్త అద్దాల భవనంలో ఉంది. వాడు లేచి ఎదురొచ్చి, రెండు చేతులా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రండి ఎజె! మా దగ్గర ఎవరి రికార్డూ ఉండదు. అదే మా గొప్ప. చూడండి, పైనే రాసుంది."

"రాయడానికేం, కసాయి కొట్టు మీద కూడా 'తాజా' అని రాస్తారు. ఈ కొర్గోన్ యజమాని ఎవరు?"

"విదేశీ కంపెనీ. నేను ఇక్కడ పంచుతాను, అంతే."

"ఏ దేశం?"

"అదీ... సముద్రాల అవతల."

"సముద్రానికి చట్టం ఉండదు నాయనా. యజమాని పేరు?"

"వ్యాపార రహస్యం, ఎజె."

"జనం డబ్బివ్వరు. మరి ఈ అద్దాలకి ఎవడిస్తాడు? మీరు దాచేదీ దాచనిదీ బయటివాడెవడైనా తీసి చూశాడా?"

ఎర్మెక్ నవ్వాడు. "మీ కాలంవాళ్లకి ఇవన్నీ ఎందుకు చెప్పండి!"

"మా కాలంవాళ్లం గుర్రాన్ని కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాం," అని లేచింది కాన్‌షాయిమ్. వాడికి ఏ ఊరి పేరూ చెప్పలేదు.

కారెక్కాక తిలెక్ ఉండబట్టలేకపోయాడు. "వాడికి ఎర వెయ్యలేదేం?"

"వేస్తున్నాను. చోన్-అరిక్ పోనియ్. అక్కడ మా మామయ్య తోట ఇల్లుంది, శీతాకాలం నుంచి తాళం. ఈ ఫోను తీసుకెళ్లి బల్ల మీద పెట్టు. ఛార్జింగ్ పెట్టు, కొర్గోన్ నడవనియ్. నువ్వు పక్కింటివాళ్ల ఆపిల్ కొట్టంలో కూర్చో. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకు. నీ పెళ్లాంతో కూడా."

"నాకు పెళ్లి కాలేదు, ఎజె."

"మంచిదే. పని తేలిక."

తొక్మోక్‌లో ఒకరు, కాంత్‌లో ఒకరు ఎజె మనుషులు కాపు కాశారు. ఆ రెండు ఊళ్లకీ కుక్క కూడా రాలేదు. మర్నాడు మధ్యాహ్నం చోన్-అరిక్ తోట ముందు నల్ల కారు ఆగింది. నలుగురు దిగారు. ముందున్నవాడు జొల్దోష్. తలుపు తన్నారు. కొట్టం చెక్కల సందులోంచి తిలెక్ తన ఫోనుతో అంతా తీస్తున్నాడు. బొమ్మ కదలకుండా మోచెయ్యి ఆపిల్ పెట్టెకి ఆనించాడు.

"ఎవరూ లేరు! ఒక్క ఫోను ఉందిక్కడ!"

జొల్దోష్ బయటికొచ్చి తన ఫోనులో అరిచాడు. "రాత్రినుంచీ ఇక్కడే చూపిస్తోందన్నావ్ కదరా! ఎక్కడుంది? గోడకి తెల్లగుడ్డ కట్టమంటావా?"

ఆ సాయంత్రం గులుమ్‌కాన్ ఇంట్లో పొట్టి బల్ల మీద విందుగుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచారు. ఆపద తప్పినందుకు టీ తాగుదాం రమ్మని బురులాయ్ చేత అందరినీ పిలిపించింది కాన్‌షాయిమ్. క్లాసువాళ్లు టీకి పిలిస్తే రాకపోవడం ఎక్కడా లేదు. ఎర్మెక్ మిఠాయి పొట్లంతో వచ్చాడు. కుబాత్ బైకె మూలన కూర్చున్నాడు. గులుమ్‌కాన్ ఆడబిడ్డ మొహం చూడకుండా కప్పుల్లో టీ పోసింది. గోడవారన, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఐపెరి కూర్చుంది. ఈ రెండు రోజులూ ఆ పిల్ల ఎజె సొంత ఇంట్లోనే ఉందని తిలెక్‌కి అప్పుడే తెలిసింది.

"మనిషి చెప్పి ఉంటే సరస్సుకి ఎందుకెళ్తారు?" కాన్‌షాయిమ్ మొదలుపెట్టింది. "పిల్ల అక్కడ లేదని గులుమ్‌కాన్‌కి తెలుసు, ఎందుకంటే పిల్ల తన వంటింట్లోనే ఉంది. కుబాత్‌కీ తెలుసు, దించింది అతనే. పోనీ బురులాయ్ వెంట ఎవడైనా పడ్డాడా? పడితే ఆమె ఒంటరిగా వెళ్లిందని కళ్లకి కనిపించేది. కాబట్టి ఆ తలుపు తన్నించినవాడికి పిల్ల కనపడదు, బురులాయ్ కూడా కనపడదు. ఆమె ఫోను మాత్రం కనపడుతుంది. ఆమె కూరలు పట్టుకెళ్లిన ప్రతి ఇంటికీ వాళ్లు వచ్చారు."

ఆమె ఎర్మెక్ వైపు తిరిగింది.

"ఎర్మెక్, సరస్సుకి వెళ్తున్నానని ఈమె ఎవరికీ చెప్పలేదు. 'నీళ్లు చల్లగా ఉన్నాయా' అని నువ్వెలా అడిగావ్? ఏ రికార్డూ లేని గోడకి నీళ్ల సంగతి ఎలా తెలిసింది? నిన్న ఫోనుని ఒంటరిగా చోన్-అరిక్ పంపాను. నోటితో ఎవరికీ చెప్పలేదు. గోడకి తప్ప ఎవరికీ తెలియదు. తిలెక్, చూపించు."

తిలెక్ తీసిన బొమ్మ ఆడింది. జొల్దోష్ అరుపు గదంతా వినిపించింది. ఎర్మెక్ మొహం పాలిపోయింది, ఆ వెంటనే ఎర్రబడింది.

"నేనేం ఖూనీ చేశానా?" అరిచాడు. "వాళ్లూ మనవాళ్లే! మా అక్కని ఇచ్చింది ఆ ఇంటికే. పిల్ల ఏడుస్తుంది, నాలుగు రోజులకి సర్దుకుంటుంది. మా అమ్మ సర్దుకోలేదా? ఇంటి పరువు దక్కుతుందని చోటు చూపించాను, అంతే!"

"మా కూతురూ సర్దుకుంది," అన్నాడు కుబాత్ బైకె నెమ్మదిగా. "ఇప్పటికీ నాతో మాట్లాడదు." లేచి వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

బురులాయ్ మిఠాయి పొట్లం వాడి వైపు తోసేసింది. "ఒకే బెంచీ కదరా మనది..."

"అదే నీ పొరపాటు," అంది కాన్‌షాయిమ్. గొంతులో కోపం దాచుకోలేదు. "పెళ్లికొడుకు వస్తే ఏడు తరాల తండ్రుల పేర్లు చెప్పిస్తాం, ఒక్కటి తడబడినా పిల్లనివ్వం. బతుకంతా మోసుకెళ్లే ఈ సొరంగానికి ఒక్క తండ్రి పేరైనా అడిగావా? ఎవడిది, ఎవడి తిండి తింటోంది, ఏం రాసిపెట్టుకుంటోంది, ఏ దేశపు చట్టానికి జవాబు చెబుతుంది, పరాయివాడొకడు లోపల తడిమి చూశాడా, ఇవి అడగాలి. మన ఊరివాడైతే ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే మన దగ్గర ఎవరికి ఎవరు చుట్టమో వాడికి తెలుసు. దారి దాచేవాడు నీ ఫోను ఎక్కడ పడుకుందో ఎందుకు అడుగుతాడు?"

గులుమ్‌కాన్ టీకప్పు తెచ్చి బురులాయ్ ముందు ఠపీమని పెట్టింది. "తాగు. ఇప్పుడు ఏడవకు. నన్ను వెళ్లగొట్టినందుకు తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని."

"ఈ బొమ్మ ఠాణాకి ఇవ్వలేదు," అంది కాన్‌షాయిమ్. "ప్రాసిక్యూటర్‌కి పంపాను. ఒక కాపీ పత్రికలకి వెళ్లింది, ఏ ఠాణావాడూ టీ చప్పరించుకుంటూ దాచేసుకోకుండా."

ఎర్మెక్ తన సంచి మీద చెయ్యి వేసి లేవబోయాడు. అప్పుడు ఐపెరి మాట్లాడింది. వచ్చినప్పటినుంచీ అదే ఆ పిల్ల మొదటి మాట.

"ఆ సంచిలో కంప్యూటరుంది. తెరవండి, ఎర్మెక్ బైకె."

"ఎందుకు?"

"బురులాయ్ ఎజె పేజీలో చదివి దీన్ని పెట్టుకున్నవాళ్లంతా నాలాంటివాళ్లే. నాలాగే ఎక్కడెక్కడో దాక్కున్నారు. ఎవరు ఎక్కడున్నారో మీకు కనపడుతోంది. తెరవండి."

కుబాత్ బైకె తలుపు దగ్గరనుంచి కదల్లేదు. గులుమ్‌కాన్ కప్పులన్నీ పక్కకి తోసి బల్ల ఖాళీ చేసింది. ఎర్మెక్ తెరిచాడు. తెర మీద దేశం పటం, దాని మీద నారిన్ నుంచి తలాస్ దాకా గోధుమలు చల్లినట్టు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక ఫోను నంబరు. బురులాయ్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఐపెరి విరిగిన కాలు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి జరిగి, తిలెక్ ఫోను వాడి ముందుకి తోసింది.

"ఒక్కొక్కరికీ చెయ్యి. ముందు నీ పేరు చెప్పు. నువ్వున్న చోటు నాకు కనపడుతోందని చెప్పు. ఎవరికి చూపించావో చెప్పు. ఆ గోడని ఫోనులోంచి పీకేసి, అవతల పారేసి, ఈ క్షణమే ఆ ఇంట్లోంచి లేచి వెళ్లిపొమ్మని చెప్పు. ఆఖరి చుక్క దాకా నేనిక్కడే కూర్చుంటాను. మొదలుపెట్టు."