మిషాల్ వెళ్లాక కడిగిన ఇల్లు

ఆ పూట రెడ్డెమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. యుద్ధమొచ్చినా పెళ్లొచ్చినా పొయ్యి వెలగాల్సిందే కదా, కడుపు ఊరుకోదు. కరెంటు పోయి చాలా రోజులైంది. వంటగదిలో కొవ్వొత్తే దిక్కు. బయట కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అలాగని అది రాత్రి కాదు, పట్టపగలు. ఇరాక్ సైన్యం చమురు బావులకు నిప్పు పెట్టినప్పటి నుంచి కువైట్‌లో సూర్యుడు మొహం చాటేశాడు. సన్నని జల్లులా మసి రాలుతోంది. కిటికీలు ఎంత బిగించినా జిడ్డు జిడ్డుగా లోపలికొచ్చి నేలంతా పరుచుకుంటోంది. ఏది నోట్లో పెట్టుకున్నా కిరసనాయిలు వాసనే.

కడప జిల్లా నుంచి ఇంటిపనికొచ్చిన రెడ్డెమ్మకు ఇది తన యుద్ధం కాదు. తోటివాళ్లంతా ఎప్పుడో ఎడారి దాటి, అమ్మాన్‌లో విమానాలెక్కి ఊళ్లు చేరుకున్నారు. ఆమె ఉండిపోయింది. ఆమె మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, ఆ ముసలావిడ, చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతే, కాలు కదల్లేదు. జాలిగుణం ఎప్పటికైనా నీ కొంప ముంచుతుందని వాళ్లమ్మ ఊరికే అనలేదు.

మామా కొడుకు మిషాల్ కువైట్ సైన్యంలో సిపాయి. ఆగస్టులో ఇరాక్ చొరబడి తన దళం చెదిరిపోయాక ఇంటికొచ్చి మెట్ల కింద నేలమాళిగలో దాక్కున్నాడు. అందులో ఒక మంచం వేస్తే ఇంకో మనిషి నిలబడే చోటు మాత్రమే మిగులుతుంది. పట్టుబడితే అతన్నే కాదు, దాచిన ఇంటిల్లిపాదినీ కాల్చేస్తారు. ఆ సంగతి ఇదే వీధిలో కళ్లారా చూశారు. ఇన్ని నెలలూ అతనికి అన్నమూ నీళ్లూ అందించింది రెడ్డెమ్మే. "నీ రొట్టె అడ్డం పెడితే ట్యాంకు కూడా ఆగిపోతుంది" అని వెక్కిరిస్తూనే రెండోది అడిగేవాడు. ఆమెకు అతనంటే సొంత తమ్ముడంత ప్రేమ.

ఆ పొద్దున అతను బయటికి వెళ్లాడు. ఎక్కడో దాక్కున్న తోటి సిపాయిలకు మందులు చేర్చాలట. తలుపు మూయగానే మామా నేల వైపు చూసి గుండె బాదుకుంది. మాళిగ మెట్ల నుంచి వీధి తలుపు దాకా మసిలో అతని చెప్పుల గుర్తులు.

"కడిగెయ్, యల్లా, తొందరగా! వాళ్లు వస్తే చూసేస్తారు."

రెడ్డెమ్మకు చెయ్యి రాలేదు. మనిషి ప్రయాణమై గడప దాటగానే ఇల్లు ఊడవకూడదు, కడగకూడదు. శవం లేచాక చేసే పని అది. ఆమె ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ముక్క మామాకు ఏ అరబ్బీలో చెప్పేది?

"కాసేపు ఆగుదాం మామా."

"ఆగితే చస్తాం!"

అదీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెడ్డెమ్మ పళ్లు బిగించి బకెట్టెడు నీళ్లు కుమ్మరించింది. మెట్ల దగ్గర మొదలుపెట్టి గడప దాకా కడిగింది. ఇప్పుడు చేతులు పిండి పిసుకుతున్నాయన్న మాటే గానీ మనసంతా ఆ గడప దగ్గరే ఉంది.

వెనక తలుపు మీద ఎవరో గోళ్లతో గీకారు. పక్కింటి డ్రైవరు మాబు, రాయచోటి మనిషి. లోపలికి రాలేదు. తల మాత్రం పెట్టి గుసగుసగా అన్నాడు.

"అక్కా... మిషాల్ ల్యాడు."

"యాడికి పోయినాడు?"

"చెక్‌పోస్టు కాడ కాల్చినారు. నా కండ్లతో సూసినా. కాళ్లకుండే చెప్పులు గూడా ఊడబెరుక్కున్యారు. ఏ ఇంటోడో కనుక్కునేదానికి ఇల్లిల్లూ ఎతుకుతాండారు. బండి తీస్తా, వచ్చెయ్."

"ఎప్పుడు మాబూ?"

"పొద్దున్నే. ఇట్ల సందు దాటినాడో ల్యాదో..."

అంటే తను నేల కడుగుతున్నప్పుడు. రెడ్డెమ్మ పిండి చేతులతోనే నోరు మూసుకుంది. "నేనే సంపినా మాబూ. నేనే సంపినా."

"ఏందక్కా ఆ మాటలు! పా, పోదాం."

"ముసల్దాన్ని ఇడిసిపెట్టి యాడికి రావల్లప్పా? నువ్వు పో."

మాబు చీకట్లో కలిసిపోయాడు.

మామాకు చెప్పాలి. ఎలా చెప్పాలి? రెడ్డెమ్మ కొవ్వొత్తి పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కిరసనాయిలు వాసనలో ఇంకో వాసన కలిసింది... పచ్చి నెత్తురు వాసన. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది. కొవ్వొత్తి కిందికి వంచింది.

నేల మీద అడుగులు.

తడి అడుగులు. నల్లవి. ఉత్త పాదాలవి. గడియ వేసిన తలుపు దగ్గర మొదలై మాళిగ మెట్ల వైపు వెళ్లాయి.

రెడ్డెమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా కూర్చుని, చీరకొంగుతో తుడిచింది. ఎవరైనా చూస్తే ఖలాస్, మామా బతకదు. మెట్ల దాకా తుడిచి వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర మళ్లీ ఒక అడుగు... దాని ముందు ఇంకొకటి... తను చూస్తుండగానే నేల మీద తేమ ఊరి, అయిదు వేళ్లుగా విచ్చుకుంటోంది. తుడిచింది. ఊరింది. ఏడుస్తూ తుడిచింది.

"తుడవకు!"

మామా. చేతిలో పళ్లెం, పళ్లెం నిండా అన్నం. మొహం వెలిగిపోతోంది.

"చూశావా? వచ్చేశాడు. నేను తిడతానని చెప్పులు చేత పట్టుకుని దొంగలా వచ్చాడు."

"మామా... కిందికి పోవద్దు."

"ఆకలితో ఉంటాడే పిచ్చిదానా."

కన్నతల్లికి ఆ మాట చెప్పే గుండె రెడ్డెమ్మకు లేదు. మామా మెట్లు దిగింది. మాళిగ తలుపు చప్పుడైంది. "తిను నాయనా" అంటున్న గొంతు సన్నగా పైకి వినిపించింది.

అప్పుడే వీధి తలుపు మీద తుపాకీ మడమల దెబ్బలు.

తీయక తప్పలేదు. ఒక ఇరాక్ అధికారి, వెనక ఇద్దరు సిపాయిలు. టార్చి వెలుతురు తిన్నగా అడుగుల మీద పడింది.

"ఎవరివి ఇవి?"

"నావే బాబా."

అతను టార్చి ఆమె కాళ్ల మీదికి తిప్పాడు. పిండి రాలిన చిన్న పాదాలు. ఆమెను పక్కకు నెట్టి, సిపాయిలతో మెట్లు దిగాడు.

రెడ్డెమ్మ గోడకు చేరగిలబడి చెవులు మూసుకుంది. అయిపోయింది. ఇప్పుడు పేలుతుంది... ఇప్పుడు పేలుతుంది... వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. పరిగెత్తొచ్చు. మామా కింద ఉంది. కాళ్లు కదల్లేదు.

తుపాకీ పేలలేదు. అరుపు లేదు. మెల్లగా చెవుల మీంచి చేతులు తీసింది. కింద పళ్లాల చప్పుడు. మామా తీసుకెళ్లింది ఒకే ఒక్క పళ్లెం కదా... మరి ఇన్ని పళ్లాలా? విందు జరుగుతున్నట్టు బోలెడంతమంది నములుతున్న చప్పుడు.

మెట్ల మీద అడుగులు. అధికారి ఒక్కడే పైకి వచ్చాడు. చేతిలో టార్చి లేదు, తుపాకీ లేదు. కోపం కూడా లేదు. అలసిపోయి ఇల్లు చేరిన మనిషిలా ఉన్నాడు.

"పెద్దావిడ ఒక్కతే అంతమందికి వడ్డించలేకపోతోంది" అన్నాడు మెత్తగా. "మేము కాల్చినవాళ్ల పక్కనే మా కుర్రాళ్లు కూడా బూట్లు విప్పి కూర్చున్నారు. నువ్వు రొట్టెలు తీసుకుని రా."

అని, పై మెట్టు మీద కూర్చుని, బూట్ల తాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.